వార్డు అప్పగింత

మా మనవరాలి బడి నుంచి కాగితం వస్తే దాని మీద మీ పిల్ల అనకుండా ‘మీ వార్డు’ అని ఉంటుంది. మీ వార్డు రేపు తెల్ల బూట్లు వేసుకుని రావాలి, మీ వార్డుకు నీళ్ల సీసా ఇచ్చి పంపాలి. మొదటిసారి మా కోడలు అది చదివి వినిపించినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ మాట నన్ను ఈ వయసులో కూడా వదిలిపెట్టదా అనుకున్నాను.

నా ఉద్యోగమంతా ఈ ఒక్క ఇంగ్లీషు మాట కిందే గడిచింది. పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో జనరల్ వార్డు ఆయాగా మొదలుపెట్టాను. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా ముగించాను. మధ్యలో ఓటు వేయడానికి పోతే మీది ఫలానా వార్డు అన్నారు. హాస్టల్ గదుల్లో బట్టలు పెట్టుకునే బీరువాను వార్డ్‌రోబ్ అన్నారు. నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషువాళ్లకు మాటలు తక్కువపడి ఉన్నదాన్నే తిప్పి తిప్పి వాడుకుంటున్నారని చాలా కాలం అనుకున్నాను. అందుకు వాళ్ల మీద కొంత గౌరవం కూడా ఉండేది. పొదుపు ఎవరు చేసినా మంచిదే.

ఇప్పుడు హాస్టళ్లలో వార్డెన్లుగా చేరుతున్నది చిన్న వయసు ఆడపిల్లలు. వాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. గేటు ఎప్పుడు మూయాలి, గీజరు ఎంతసేపు ఉంచాలి, ఇవన్నీ మీకు ఓనర్లు చెప్తారు. ఒక పిల్లను ఎట్లా తీసుకోవాలి, ఎట్లా అప్పగించాలి అన్నది ఎవరూ చెప్పరు. నేను దాన్ని రెండుసార్లు నేర్చుకోవలసి వచ్చింది. మొదటిసారి ఆసుపత్రిలో, రెండోసారి అదంతా నాకు వచ్చునని అనుకున్న తర్వాత.

ఆసుపత్రి సంగతి ముందు. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ లేని రోజులు. ఆయా పని ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. పక్క మార్చడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం. సిస్టర్లు తమ సంగతులు ఫైల్లో రాసి పెట్టుకునేవారు, తర్వాతి డ్యూటీవాళ్లు చదువుకునేవారు. ఆయాలకు ఫైలు లేదు. డ్యూటీ అయిపోతే కొంగు దులుపుకుని బస్సు పట్టుకోవడమే. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీకి కొత్తగా చేరిన ఆయా వచ్చింది. పొద్దుటి ఆయా ఆమెతో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోయింది. కడుపు ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ దాహం దాహం అని చేతులు జోడిస్తే, ఆ కొత్త పిల్ల జాలిపడి గ్లాసు నిండా నీళ్లు తాగించింది. వాంతులై కుట్లు తెగి ఆ పెద్దావిడ మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చింది. బతికింది, అది దేవుడి దయ. కొత్త ఆయా ఉద్యోగం పోయింది. ఆమె తప్పల్లా ఏమిటంటే దయ ఉండటం, సంగతి తెలియకపోవడం.

ఆ తర్వాత నేనూ, నాతో డ్యూటీ మారే ఇంకో ఆయా కలిసి మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆమె ఎర్రమంజిల్ వైపు నుంచి నడిచి వచ్చేది, దక్కనీ ఉర్దూలో తెలుగు కలిపి మాట్లాడేది. నాకంటే కొంచెం పెద్దది కాబట్టి వాళ్ల మాటలో ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. ఇక్కడా అట్లాగే రాస్తాను. పద్ధతి ఏమిటంటే, డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా ఇద్దరం ఆగాలి. కాళ్ల దగ్గరి ఇనుప కమ్మీ మీద ఇద్దరం చెయ్యి వేయాలి. పోయేది ఆ రోగి సంగతి చెప్పాలి. ఈమెకు నీళ్లియ్యొద్దు, ఈమెను ఎడమ చెయ్యి పట్టి లేపొద్దు, ఈమె కొడుకు వచ్చి పోయినంక ఏడుస్తది, జరసేపు పక్కన కూసో. అన్నీ చెప్పి చివర్న ‘ఈమె నీది’ అనాలి. వచ్చింది ‘నాది’ అనాలి. సరే అంటే చెల్లదు, తలూపితే చెల్లదు. నాది అన్న మాట బయటికి వచ్చేదాకా పోయేది కమ్మీ మీది నుంచి చెయ్యి తీయకూడదు.

సిస్టర్లు నవ్వేవారు. ఏం ఆయమ్మా, పెళ్లి అప్పగింతలా, పాలు తెప్పించమంటావా అనేవారు. నవ్వుకోనీ అనుకున్నాం. ఎన్నోసార్లు బస్సు తప్పింది. మేము మాత్రం ఆ పద్ధతి తప్పలేదు.

కొన్నేళ్లకు ఆసుపత్రివాళ్లు ఆయా పనిని కాంట్రాక్టుకు ఇచ్చేశారు. కాంట్రాక్టరు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, మేము బయటికి వచ్చాం. అప్పటికి అమీర్‌పేటలో ప్రతి గల్లీలో ఒక హాస్టల్ లేస్తోంది. ఏ ఊరి నుంచి దిగిన పిల్లకైనా మైత్రీవనం కోచింగ్ సెంటర్లలో ఒక కోర్సు, వెనక గల్లీలో ఒక మంచం కావాలి. ఆసుపత్రిలో చేసిన మనిషంటే కోచింగ్ పిల్లల తల్లిదండ్రులకు ధైర్యంగా ఉంటుందని ఒక ఓనరు నన్ను వార్డెన్‌గా పెట్టుకున్నాడు. ఆపా పంజాగుట్టలో మా పాత ఆసుపత్రి వెనక గల్లీలో ఇంకో హాస్టల్‌లో చేరింది.

నా హాస్టల్‌లో నా మాటంటే మాటే. గేటు ఎనిమిదిన్నరకు మూత. గదిలోంచి ఆఖరుగా బయటికి వచ్చిన పిల్ల లైటు ఆర్పాలి. తలస్నానానికి రెండో బకెట్ అడిగితే ఎందుకో చెప్పాలి. పెరుగు అడుగున మిగిలితే మర్నాడు మజ్జిగ. పిల్లలు వెనక నన్ను మిలిటరీ అనేవాళ్లు. నాకు తెలుసు, నేనేం బాధపడలేదు.

గేటు లోపల రెండు ప్లాస్టిక్ కుర్చీలుండేవి. ఒకటి నాది, ఒకటి కొత్తపిల్లను తీసుకొచ్చిన తల్లికో తండ్రికో. అక్కడ కూర్చుని నేను పాత పద్ధతే నడిపేదాన్ని. పిల్ల సంగతులు అన్నీ అడిగి, చివర్న తల్లి చేత ‘ఈమె నీది’ అనిపించి, నేను ‘నాది’ అనేదాన్ని. పిల్ల పక్కన సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉండేది. ఆ మాట విని తల్లులు కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. నాకు అదంతా చాలా సక్రమంగా ఉన్నట్టు తోచేది.

ఆపాకూ నాకూ మధ్యలో మాటలు పోయాయి. కారణం చిన్నదే. నా దగ్గర ఉన్న ఇద్దరు పిల్లలు ఖాళీ చేసి ఆమె హాస్టల్‌కు పోయారు, అక్కడ గేటు ఇంకా ఆలస్యంగా మూస్తారట. నా పిల్లల్ని గుంజుకుంటున్నావని నేను కబురు పంపాను. జైలుకు సుత వార్డెనే ఉంటది, ఆమెకు అక్కడ మంచిగ కుదురుతుండె అని ఆపా తిరుగు కబురు పంపింది. అంతే. పంజాగుట్టకూ అమీర్‌పేటకూ మధ్య ఎంత దూరం, బస్సెక్కి కూర్చునేలోపు దిగాలి. అయినా ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒంగోలు అవతలి నుంచి ఒక పిల్ల వచ్చింది. బ్యాంకు పరీక్షలకు కోచింగ్. అంతకుముందు రెండుసార్లు చివరిదాకా వచ్చి పోగొట్టుకుంది, ఇది ఆఖరుసారి అని తల్లి గేటు దగ్గరే నా ముందు చెప్పింది. ఈసారి రాకపోతే ఇంటికి తీసుకుపోయి మళ్లీ పంపరు. ఆరోగ్యం ఎట్లుంటదని అడిగితే, బంగారం లాంటి పిల్లండీ, జలుబు కూడా చేయదు అంది.

ఆ పిల్లతో నాకు మొదటి తగాదా వార్డ్‌రోబ్ దగ్గర. తలుపు లోపలి వైపంతా ఇంగ్లీషు మాటలు రాసిన చీటీలు గమ్ముతో అంటించింది. ఊడదీస్తే రంగు లేచి వస్తుంది. మళ్లీ రంగు ఎవరు వేయిస్తారని కేకలేశాను. అతికించక తప్పదంటే అన్నం మెతుకుతో అతికించు, కడిగితే పోతది అన్నాను. మర్నాటి నుంచి ఆమె భోజనం చేసి లేచేటప్పుడు నాలుగు మెతుకులు గిన్నెలో తీసుకుపోయేది. చెప్పిన మాట వినే పిల్లలు నాకు తొందరగా నచ్చుతారు.

ఒకరోజు తలుపు తీసి చూపించి, మీ పేరు కూడా ఇక్కడుంది ఆంటీ అంది. వార్డెన్ అని రాసి, చుట్టూ గీతలు గీసి ఇంకా ఏవేవో మాటలు రాసి ఉన్నాయి. చుట్టాల పటంలా ఉంది. అన్నీ ఒక తల్లి పిల్లలేనట. వెనకటి ఇంగ్లీషులో వార్డ్ అంటే కాపలా. కాపలా కాసే మనిషిని కూడా ఆ మాటతోనే పిలిచేవారట. రోగుల్ని కనిపెట్టి ఉండే చోటు వార్డు. ఊరిని పంచుకుని ఒక్కో ముక్కను చూసుకుంటే అదీ వార్డే. బట్టల్ని కాచేది వార్డ్‌రోబ్. అదే మాట ఫ్రెంచి దేశంలోకి పోయి వేషం మార్చుకుని తిరిగి వస్తే గార్డ్ అయ్యిందట. పరిశీలనగా చూసి ఇచ్చేది అవార్డు. నా నడుముకున్న తాళంచెవుల గుత్తి చూపించి, తాళం లోపల వేరే చెవి తిరగకుండా అడ్డుకునే గట్లుంటాయి కదా, వాటినీ వార్డ్స్ అనే అంటారు అంది. మరి ఫార్వర్డ్, బ్యాక్‌వర్డ్ అంటరు గదా, అవి కూడా వీటి చుట్టాలేనా అని అడిగాను. కాదట. అందులో ఉన్నది ఎటో తిరగడమనే అర్థమున్న వేరే మాటట. ఇంటిపేరు కలిసినంత మాత్రాన బంధువులు కారు, అది మన దగ్గరా ఉన్నదే.

నాకు మన మాటలు గుర్తొచ్చాయి. కావలి, కాపలా, కాపరి, కాపాడు. మనమూ పొదుపుగానే వాడుకున్నాం.

‘‘ఇంకోటి వింతగా ఉంది ఆంటీ’’ అందా పిల్ల. ‘‘కాపలా కాసేవాళ్లూ వార్డే, ఎవర్ని కాస్తారో వాళ్లూ వార్డే. ఒకే మాట.’’

నేను లైటు ఆర్పమని చెప్పి వచ్చేశాను. ఆ మాట మాత్రం ఆరలేదు.

ఆ పిల్లకు ఒక అలవాటుండేది, అది నాకు ఒళ్లుమండించేది. అప్పుడప్పుడు ఆంటీ, అన్నం మాడిందా అని అడిగేది. నా వంటింట్లో గింజ మాడదు. మాడితే వంటామె నా చేతిలో బతకదు. ఒక పొద్దున టిఫిన్ వరుసలో నిలబడి మళ్లీ అదే అడిగింది. ఇది ఉప్మా, కళ్లు తెరిచి చూడు అని విసుక్కుని పక్కకు తిరిగాను. కాసేపటికి వెనక దబ్బుమని చప్పుడు. చూస్తే ఆ పిల్ల నేల మీద కొట్టుకుంటోంది. ఫిట్స్.

ఆసుపత్రిలో ఎన్ని చూశానో. పక్కకు తిప్పి తల కింద కొంగు మడిచి పెట్టాను. ఇంతలో వంటామె పరుగెత్తుకొచ్చి నా నడుము నుంచి తాళంచెవుల గుత్తి లాగి ఆ పిల్ల పిడికిట్లో కుక్కింది. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని మనవాళ్ల నమ్మకం. బిగుసుకున్న పిడికిలిలో ఆ చెవులు గుచ్చుకుని అరచేయి తెగి కమిలిపోయింది. నేను విడిపించేలోపే అయ్యింది.

లేచాక ఆ పిల్ల మొట్టమొదట అడిగింది తన అరచేతి గురించే. తర్వాత, మా అమ్మ చెప్పొద్దంది ఆంటీ, చెబితే ఏ హాస్టలూ చేర్చుకోదు అంది. నాకు తల్లి మీద కోపం వచ్చింది. కుర్చీలో కూర్చుని, సగం దాచిపెట్టి, ఈమె నీది అందా అని. అయినా నాది అన్నాను కదా. నాదే. ఫిట్స్ గోలీలు వేసుకునే వేళ కనిపెట్టి ఉన్నాను. చదువు పేరుతో నిద్ర మానితే పుస్తకం లాక్కున్నాను. వంటామెకు ఇనుము సంగతి గట్టిగా చెప్పాను. హాస్టల్‌లో ఎవరూ ఆ పిల్లను ఒక మాట అనకుండా చూశాను.

పరీక్ష దగ్గరపడ్డ వారంలో ఓనరు వచ్చాడు. బిల్డింగు ఏదో ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చేశాడట. వాళ్లకు వారం లోపల ఖాళీగా కావాలట. పిల్లలకు చెప్పేయ్ అమ్మా, తాళాలు నాకిచ్చి నువ్వు కూడా రెస్టు తీస్కో అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు ఆయన తొందర.

‘‘ఇంత మంది పిల్లలు యాడికి పోవాలె సారూ?’’ అన్నాను.

‘‘అందరు పెద్దపిల్లలే అమ్మా. అమీర్‌పేటల హాస్టల్లకు కరువా. వాళ్ల దారి వాళ్లు చూస్కుంటరు.’’

‘‘ఒక్కొక్కరిని చేతికి అప్పజెప్పినంక తాళాలిస్త. గంతదాక ఇయ్య.’’

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపేశాడు.

ఆ వారమంతా నేను రోడ్ల మీదే ఉన్నాను. ఎస్సార్ నగర్, బల్కంపేట, అమీర్‌పేట గల్లీలన్నీ నడిచాను. ఆటో ఎందుకు, కాళ్లున్నాయి. ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకుని పోయి, ఆ హాస్టల్ వార్డెన్‌తో పిల్లల సంగతులు ఒక్కొక్కటి చెప్పేదాన్ని. ఈమెకు పల్లీలు పడవు. ఈమెకు ఇంటి నుంచి ఫోను వస్తే ఆ పూట అన్నం తినదు, అడిగి పెట్టాలె. ఆఖర్న ఈమె నీది అని నిలబడేదాన్ని. కొందరు ఓకే ఆంటీ అన్నారు. ఓకే కాదు బిడ్డా, నాది అనాలె అన్నాను. ఒకామె నా వెనక తలకాయ చూపించి సైగ చేసింది, ఈమెకు కొంచెం తేడా అని. నాది అన్నది కదా, అది చాలు. ఆ మాట అనిపించకుండా వచ్చేస్తే నేను ఆ పిల్లల్ని అప్పగించినట్టు కాదు, వదిలించుకున్నట్టు.

అందరూ సర్దుకున్నారు. ఒంగోలు పిల్ల మిగిలింది.

మొదటి హాస్టల్‌కు పోతుంటే దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుని బతిమాలింది. ఆంటీ, ఆదివారం పరీక్ష. అది అయ్యేదాకా చాలు, అక్కడ ఏం చెప్పకండి అంది. నడువు బిడ్డా, ఆలస్యమైతది అన్నాను. అక్కడికి పోయాక చెప్పాను. ఆ వార్డెన్ మర్యాదగానే, మంచాలు నిండిపోయాయి ఆంటీ అంది. అప్పటిదాకా రెండు ఖాళీ ఉన్నాయన్న మనిషే. రెండో చోట ఓనరమ్మ సూటిగా, మాకెందుకమ్మా ఆ గొడవ అంది. మూడో చోట ఇంకా మాట పూర్తికాకముందే గేటు మూశారు.

ఆ గేటు ముందు రోడ్డు మీద పిల్ల ఆగిపోయింది.

‘‘మీరు నన్ను అప్పగించట్లేదు ఆంటీ. నా జబ్బును అప్పగిస్తున్నారు.’’

‘‘చెప్పకుండ నిన్ను ఆడ వదిలిపెడితే, పడ్డ రోజు మళ్ల ఎవరో నీ చేతుల చాబీలు కుక్కుతరు. గదే కావాల్నా?’’

‘‘నా అరచేయి నా ఇష్టం’’ అంది. కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే నడిచింది.

ఆ సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. ఏ హాస్టల్‌లోనూ మంచం ఇవ్వలేదని నేను చెప్పకముందే పిల్ల చెప్పి ఉంటుంది. ఇక చాల్లెండి, పొద్దున బస్సెక్కించండి, ఇంటికొచ్చేస్తుంది అంది. పరీక్ష ఆదివారం, అప్పటికి శుక్రవారం. ఇంటికి పోతే మళ్లీ రాదని నాకు తెలుసు, పిల్లకు తెలుసు, తల్లికీ తెలుసు. పొద్దున్నే చెప్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను.

శనివారం పొద్దున ఓనరు మోటారు ఆపించాడు. ట్యాంకులో నీళ్లు లేవు. ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు వచ్చి గోడలకు కొలతలు తీసుకుంటున్నారు. మంచాలన్నీ ఎత్తేసి వరండాలో నిలబెట్టారు, ఆ పిల్ల మంచం ఒక్కటే గదిలో ఉంది. అది ఎత్తుతామంటే నేను దాని మీద కూర్చున్నాను. ఒక్క పిల్ల కోసం ఇంత లొల్లేందమ్మా, తాళాలియ్యి అని ఓనరు అడిగాడు. సాయంత్రం వరకు ఆగండి, మీ తాళాలు మీ ఇంటికే తెచ్చిస్తా అన్నాను. నా ఉద్యోగం ఎటూ పోయింది. ఇంక ఆయన నన్ను ఏం చేయగలడు. అది ఆయనకూ అర్థమై కిందికి దిగిపోయాడు.

తట్టగలిగిన తలుపు ఇంకొకటి ఉందని నాకు అప్పటికే తెలుసు. దాన్ని తలుచుకోవడం ఇష్టం లేక అన్ని గల్లీలు తిరిగాను. ఆ మంచం మీద కూర్చుని ఉన్నప్పుడు ఇక తప్పదనుకున్నాను. పిల్లను లెమ్మన్నాను.

మెట్రో పిల్లర్ల కింద నడుచుకుంటూ పంజాగుట్ట పోయాం. సూట్‌కేసు చక్రం ఒకటి విరిగి రోడ్డంతా గీసుకుంటూ వచ్చింది. ఆటో పిలవమంటారా అని పిల్ల అడిగింది. ఆ రోజు ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. వద్దన్నాను. అసలు సంగతి, అక్కడికి తొందరగా చేరడం నాకు ఇష్టం లేదు.

పాత ఆసుపత్రి వెనక గల్లీ. గేటు దగ్గర ఆపా కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. జుట్టు అంతా నెరిసింది. నన్ను చూసి లేవలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని, పైనుంచి కింది వరకు చూసింది.

‘‘క్యా రే, జైలుకు సెలవులిచ్చిన్రా?’’

‘‘జైలు బంద్ అయ్యింది ఆపా. ఒక పిల్ల మిగిలింది. తీస్కుంటవా అని వచ్చిన.’’

‘‘ఇన్నేండ్లకు వచ్చినవ్, అది సుత పని మీదనే వచ్చినవ్. చాయ్ తాగుతవా, గదానికి సుత పర్మిషన్ కావాల్నా?’’

అక్కడ రెండే కుర్చీలున్నాయి, ఒకదాన్లో ఆమె. నేను రెండోదాని మీదికి చెయ్యి చాపాను. ఆపా దాన్ని కాలితో పిల్ల వైపు జరిపింది. కూసో బేటా అంది. నన్ను చూసి, నువ్వు మెట్టు మీద కూసో, నీకు గట్టి జాగ అలవాటే అంది. నేను కూర్చున్నాను. గేటుకు ఇనుప కమ్మీలున్నాయి. అలవాటు కొద్దీ నా చెయ్యి దాని మీదికి పోయింది. చెప్పడం మొదలుపెట్టాను. ఈమెకు ఫిట్స్, పక్కకు తిప్పాలె, నోట్ల ఏం పెట్టొద్దు…

‘‘నువ్వు ఆగు’’ అంది ఆపా. ‘‘ఆడ మనం చెప్పినం, ఎందుకంటే వాళ్ల ముక్కులల్ల పైపులుండె. ఈమె నోరు మంచిగనే ఉన్నది గదా. ఆమెనే చెప్పనీ.’’

పిల్ల కుర్చీ అంచుకు జరిగింది. సూట్‌కేసు పిడిని పట్టుకున్న చేతిని విప్పి, ఒడిలో పెట్టుకుంది.

‘‘నాకు ఫిట్స్ వస్తాయండి’’ అంది. ‘‘నిద్ర లేకపోతే వస్తాయి. మాత్రలు వేసుకుంటాను, మర్చిపోను. పడితే పక్కకు తిప్పితే చాలు, పట్టుకోకూడదు, చేతిలో ఏం పెట్టకూడదు. లేచాక కాసేపు మీరెవరో తెలియదు నాకు, భయపడకండి. ఇంకోటి, వచ్చే ముందు నాకు ఏదో మాడిన వాసన వస్తుంది. ఎక్కడా ఏం మాడదు, నాకొక్కదానికే వస్తుంది. అప్పుడు అడుగుతాను, ఏమైనా మాడిందా అని. మాడలేదంటే నేను కింద కూర్చోవాలి.’’

అది వింటుంటే నాకు ఉప్మా వరుస గుర్తొచ్చింది. ఏడాది పొడుగునా ఆ పిల్ల ముందే చెప్తూ వచ్చింది. నేను నా వంటింటి పరువు కాచుకుంటూ కూర్చున్నాను.

‘‘నాకు ఎందుకు చెప్పలే బిడ్డా?’’ అన్నాను.

‘‘మీరు అమ్మను అడిగారు ఆంటీ. నన్ను అడగలేదు.’’

కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. ఆపా కొత్తిమీర కాడలు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు పెడుతూనే ఉంది. తర్వాత చేతులు దులుపుకుని లేచి వచ్చి గేటు కమ్మీ మీద నా చెయ్యి పక్కన చెయ్యి వేసింది. అన్నేళ్ల తర్వాత.

‘‘చెప్పు మల్ల’’ అంది నాతో. ‘‘ఇంక చెప్పేది ఏమున్నది, ఆఖరు మాటనే గదా.’’

‘‘ఈమె నీది’’ అన్నాను.

ఆపా నోరు తెరిచేలోపు పిల్ల కుర్చీలోంచి లేచి వచ్చి మా రెండు చేతుల పక్కన కమ్మీ పట్టుకుంది. అరచేతిలో తాళంచెవుల పాత గాటు మచ్చ ఇంకా సన్నగా కనబడుతోంది.

‘‘ముందు నాది’’ అంది.

ఆపా నన్ను చూసింది, నేను ఆపాను చూశాను. ఆసుపత్రిలో అన్ని ఏళ్లలో ఏ మంచం మీది మనిషీ ఆ మాట అనలేదు. మేము అడగనూ లేదు.

‘‘సై’’ అంది ఆపా. ‘‘ముందు నీది. తర్వాత నాది.’’

అప్పుడు నేను చెయ్యి తీశాను.

చాయ్ తాగాను. తాగి, అదే దారిన నడిచి వచ్చి, ఆఖరి మంచం ఎత్తించి, ఓనరు ఇంటికి పోయి తాళాలిచ్చాను. దారిలో ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసి, మీ అమ్మాయి పంజాగుట్టలో ఉన్నది, రేపు పరీక్ష రాస్తది అని చెప్పాను. ఎవరి దగ్గర అంది. ఆమె దగ్గర ఆమే ఉన్నది, పక్కన మా ఆపా ఉన్నది అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఫరవాలేదు, నాకూ చాలా ఆలస్యంగానే అర్థమైంది.

పరీక్ష రాసింది. ఆ పరీక్షలో ఉద్యోగం రాలేదు. ఆపా గొడవపడి తల్లి చేత ఇంకో ఏడాది ఒప్పించింది, తర్వాతి దాంట్లో వచ్చింది. నాకు ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగేది ఇదే, ఆంటీ, ఏమైనా మాడిందా అని. లేదు, కూసో అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం.

తర్వాత ఇంకో హాస్టల్‌లో కొన్నేళ్లు చేశాను. పిల్లలారా, మీకు చెప్పాలనుకున్నది ఇంతే. గేటు దగ్గర తల్లిదండ్రులు కూర్చుంటారు, మీరు కూర్చుంటారు, పిల్ల సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉంటుంది. నిలబడ్డ మనిషి అన్నీ చెప్పదు. ఆ కొత్త ఓనరు నన్ను పనిలో పెట్టుకున్న రోజు జీతం సంగతి ఎత్తబోతే ఆగమన్నాను. ముందు గేటు దగ్గరికి మూడో కుర్చీ తెప్పించండి అన్నాను. నా ఉద్యోగం మొత్తంలో నేను నోరు తెరిచి అడిగి కొనిపించిన వస్తువు అదొక్కటే.